మెత్తని మొన

కొలిమి ముందు కూర్చున్న కమ్మరి దగ్గరికి, పక్క వీధిలో కొలిమి నడిపే అతని బావమరిది వచ్చాడు. ఒక చేత్తో పక్కటెముకలు అదిమి పట్టుకుని, రెండో చేత్తో రక్తం అంటిన కత్తిని దాగలి ఇనుప దిమ్మె మీద పెట్టాడు.

“పని అదిరింది బావా. పట్టుకుంటే బరువే తెలీదు. అంచు చూడు, వెంట్రుకని నిలువునా చీలుస్తుంది.”

“ముందు ఆ రక్తం సంగతి చెప్పు. కూర్చో.”

“కూర్చుంటే మళ్ళీ లేవలేను. ఇంత పనితనం నీకు తప్ప ఎవరికుంది? మరి మొన ఎందుకు వంగింది?”

“ఎముకకి తగిలుంటుంది.”

“తగిలింది. నా ఎముకకే. తమ్ముడు పొడిచాడు. కానీ నీ కత్తి ఎముకకి వంగే రకం కాదే.”

“అంచుని మాత్రమే కాల్చి నీళ్ళలో ముంచి గట్టిపరిచాను. మొనని మెత్తగా వదిలేశాను.”

“పొరపాటునా?”

“నా జన్మలో అలాంటి పొరపాటు చేశానా? వాడు ఇక్కడే నిలబడి, ‘అన్న గుండెల్లో దిగాలి బావా, అలాంటిది చెయ్యి’ అన్నాడు. కాదంటే ఇంకో కొలిమికి పోతాడు. అందుకే ఒప్పుకున్నాను.”

“నాకో మాట చెప్పొచ్చుగా?”

“చెబితే నువ్వు వాణ్ణి బతకనిస్తావా? మీ అక్కకి తమ్ముళ్ళిద్దరూ మిగలాలనుకున్నాన్రా. వాడేడి?”

“నా కొలిమి దగ్గరే పడున్నాడు. మొన వంగేసరికి బిత్తరపోయి దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. నా చేతిలో సుత్తి ఉంది.”

“ఒరేయ్...”

“అదీ నువ్వు చేసిచ్చిందే బావా. దాన్ని మాత్రం ఎక్కడా మెత్తగా వదల్లేదు.”