రెండో నమూనా కోసం ఇరవై మూడు దరఖాస్తులు

2002 ఆగస్టు 12వ తేదీన, గగన్‌పహాడ్‌లోని ఒక యంత్రభాగాల కర్మాగారంలో గడించిన పన్నెండేళ్ల అనుభవంతో, శ్రీ ఉపేందర్ గారు శంషాబాద్‌లోని మన కళాశాలలో అధ్యాపకులుగా అడుగుపెట్టారు. నాటి నుండి ఈ మే నెలాఖరున పదవీ విరమణ చేసే వరకు వస్తువుల రూపకల్పన, తయారీ అనే పాఠ్యాంశాన్ని మొదటి సంవత్సరం విద్యార్థులకే బోధించారు. నెత్తిమీదుగా విమానం పోయేటప్పుడు మనమంతా గొంతు చించుకునేవాళ్లం. వారు మాత్రం పాఠం ఆపి, ఆ కాస్త వ్యవధిలో ఆకురాయి పట్టిన పిల్లల చేతులు సరిచేసేవారు.

ఒక ఏడాది విద్యార్థులు, గేటు దగ్గర జామకాయలమ్మే పాల్మాకుల లచ్చమ్మ గారికి ఎంతో శ్రద్ధగా ఒక కుర్చీ తయారుచేశారు. ఆమె కూర్చుని చూసి, "మంచిగనే ఉంది బిడ్డా. కాళ్లే కింద ఆనుతలేవు," అన్నారు.

పిల్లల ముఖాలు చిన్నబోయాయి. ఉపేందర్ గారు నవ్వి, "కుర్చీ ఆమెకు, కొలతలు మీవి. ఇగ పొయ్యి ఆమెనే కొలువుండ్రి," అన్నారు.

కొలిచి వచ్చేసరికి పరీక్షలు ముంచుకొచ్చాయి, పిల్లలు రెండో సంవత్సరంలోకి వెళ్లిపోయారు. చివరికి ఆ కుర్చీ కాళ్లను ఉపేందర్ గారే కోసి సరిచేశారు. ఏటా ఇదే వరస. చెయ్యి తిరిగిన పిల్లలు మొదటిదాని తప్పులు దిద్దుకుని రెండో నమూనా చేస్తుంటే పక్కన నిలబడి చూడాలని వారి మనసు తహతహలాడేది. "ఈ పిల్లలకు మరుసటి ఏడాది కూడా బోధించే అవకాశం ఇప్పించగలరు" అని ప్రతి ఏప్రిల్‌లో దరఖాస్తు పెట్టేవారు. మీరు లేకపోతే కొత్త పిల్లలను ఎవరు దారిలో పెడతారని మెచ్చుకుంటూనే కాదనేవాళ్లం. గత పదకొండేళ్లుగా ఆ మాట అన్నది విభాగాధిపతినైన నేనే. నా పని సులువుగా సాగాలని అన్నాను. అందుకు నేడు సిగ్గుపడుతున్నాను.

ఇరవై మూడో దరఖాస్తుకు ఈ ఏప్రిల్‌లో అనుమతి లభించింది. తరగతి జూలైలో మొదలవుతుంది. ఆ ఉత్తర్వును వారు రెండుసార్లు చదువుకున్నారు.

"ఏ గదిల సార్?"

"పదకొండో గది."

"మంచిది. ఆడ పొద్దుగాల వెలుతురు బాగుంటది," అని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఉపేందర్ గారు, వారి అర్ధాంగి మంజుల గారు ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. జూలైలో ఆ గదికి రావడానికి వారు ఎవరికీ దరఖాస్తు పెట్టనక్కర్లేదు.