బామ్మర్ది పోర్టల్

2008 జూలై. గద్వాలలోని ఓ పత్తి విత్తనాల కంపెనీలో ఆఫీసు వెబ్ పోర్టల్‌ను ఏ ఫ్రేమ్‌వర్క్‌లో కట్టాలో తేల్చడానికి మేనేజరూ ప్రోగ్రామరూ కూర్చున్నారు.

"జాంగోల కడ్త సార్. చేన్లల్ల పత్తిపూల క్రాసింగ్ మొదలయ్యేలోపు ఇచ్చేస్త."

"వద్దు. స్ట్రట్స్‌ల కట్టాలె."

"మన కంప్యూటర్ల స్ట్రట్స్ లేచేలోపు కరెంటు పోతది సార్. మళ్లొచ్చి లేచేసరికి పత్తి ఏరుడు గూడ అయిపోతది."

"నోరు తగ్గించు. నీకు స్ట్రట్స్ రాదు, గది చెప్పు."

"రాదు సార్. ఎవరికొస్తదంట?"

"మా బామ్మర్దికి. అమీర్‌పేటల కోర్సు చేసిండు. ఒకటో తారీఖు నుంచి నీ కుర్చీల వాడే కూసుంటడు."

"గందుకా స్ట్రట్స్! మరి నేను?"

"గోదాంల సంచులు కుట్టుకో, పో."

"పోత. కానీ పొద్దుగాల మీ బామ్మర్ది ఫోన్ చేసి ఏడ్చిండు సార్. కోర్సు పేరు చెప్పి మూడు నెలలు సినిమాలు చూసిండంట. బావకు చెప్పకు, జాంగోనే ఖాయం చేయించన్నా అని మొక్కిండు."

మేనేజరు లేచి గది తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"జాంగోల్నే కట్టు. కానీ కట్టింది వాడని పేరెయ్యి."

"ఏస్త సార్. పక్కన వాని ఫోన్ నెంబర్ గూడ ఏస్త. పోర్టల్ బందైనప్పుడు తిట్టనీకి ఎవరో ఒకరు ఉండాలె గద."