లెక్కకు రాని చెయ్యి

“శిక్ష పూర్తి చేసుకుని రావయ్యా ఓబులయ్యా, మెస్సులో నీ చెయ్యి నీకే ఉంటుంది.” వీరభద్రరావు సారు జైలు జాలీ అవతల నిలబడి అన్న మాట ఇది. మా మెస్సుకు ఆయనే పెద్ద. కూసో హేమసుందర్, చాయ్ తాగు. ఓబులయ్య ఎవరంటవా? కడప దిక్కు మనిషి, పైపుల పని, ఈ రియాద్‌ల సులై లేబర్ క్యాంపుల నా పక్క మంచం. తొంభై ఒకటిల యుద్ధమాయె, రియాద్ మీద మిసైళ్లు పడుతున్నయి. ఆఫీసోళ్లకు గ్యాస్ మాస్కులిచ్చిండ్రు, లేబరోళ్లను తడి తువ్వాల మూతికి కట్టుకోమన్నరు. ఓబులయ్య గోదాం తాళం పగలగొట్టి రెండు డబ్బాల మాస్కులు ఎత్తుకచ్చిండు. ఒక డబ్బా మాకు పంచిండు. ఇంకోటి బత్హా బజార్ల అమ్ముకున్నడు. అవును బిడ్డా, అమ్ముకున్నడు, నేనేం దాస్తలే. దొంగతనమే. ఏడాదిన్నర లోపలేసిండ్రు. మా పేరు ఒక్కటి గూడ చెప్పలే.

మా మెస్సు పద్ధతి నీకు తెల్వది గదా. నెలకోసారి శుక్రవారం బువ్వ తిన్నంక అందరం వరుసగ కూసునేది. వంటకు ఎవరిని పెట్టాలె, మనల్ని పనికి పెట్టుకున్న కఫీల్‌తోని మాట్లాడ ఎవరు పోవాలె, అన్నిటికి చేతులు లేపుడే. ఈ దేశంల మనల్ని ఏమన్న అడిగే జాగ అదొక్కటే. ఓబులయ్య బయటకొచ్చినంక కఫీలే మాఫ్ చేసి మళ్ల పనిల పెట్టుకున్నడు. మనోళ్లే చెయ్యలే. మొదటి శుక్రవారం చెయ్యి లేపిండు. మెస్సు లెక్కలు రాసే ఇస్సాక్ వేలు చూపుకుంట ఒకటి, రెండు అని లెక్కవెట్టుకుంట వస్తుండు. ఓబులయ్య కాడికొచ్చి ఆ వేలు కాలువ దుంకినట్టు దుంకింది. “ఏందబ్బా, చంక గోక్కునేదానికి ఎత్తినాననుకుంటివా?” అన్నడు ఓబులయ్య. అందరు నవ్విండ్రు, వాడూ నవ్విండు. రావు సారేమో, “చూద్దాంలేవయ్యా, రంజాన్ పోనీ” అన్నడు. రంజాన్ పోయింది. “కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఏమనుకుంటారయ్యా?” అన్నడు. ఆ కుర్రాళ్లూ పాతవడ్డరు. నాలుగేండ్లు వాని వంతు వస్తె గిన్నెలు కడిగిపిచ్చుకున్నరు, వాని చెయ్యి మాత్రం లెక్కల పట్టలే. ఆఖరుకు శుక్రవారమొస్తె కుడిచెయ్యి తొడ కింద పెట్టుకొని కూసునేటోడు. గట్లెందుకురా అంటె, “దానికి సిగ్గు లేదు ఎల్లన్నా, ఇడిస్తే దానంతటదే లేస్తాది” అన్నడు.

తొంభై ఆరుల జిజాన్ సైటుకు పంపిండ్రు. ఆడ ఎండకు పడ్డోడు మళ్ల లేవలే. పీనుగను ఆడనే బొందవెట్టుమందామా, ఇంటికి పంపుమందామా అని ఈడ మెస్సుల అందరు చేతులు లేపిండ్రు. ఆ దినం ఇస్సాక్ వేలు ఎవ్వరినీ ఇడువలే.

ఏంది, దొంగోనికి గింత బాధెందుకంటవా? తప్పు చెయ్యనోనికే ఇచ్చేది హక్కెట్లయితది? అది బహుమానం. నువ్వు చదువుకున్నోనివి, ఈడి మన తెలుగోళ్ల సంఘం సెక్రటరీవి. ‘ప్రతి మనిషికీ ఒక గొంతు’ అని బ్యానర్ కట్టిపిచ్చినవ్. మరి మొన్న సంఘం ఓట్లప్పుడు మన క్యాంపు పోరడు బ్లెస్సన్‌ను ఎందుకు అవతల నిలవెట్టినవ్? కొట్లాటల ఒకని తల పగలగొట్టిండు, నిజమే. ఆర్నెల్లు జైల్ల ఉండి వచ్చిండు, అదీ నిజమే. ఇంకెన్నేండ్లు? ఇప్పుడు మళ్ల ఇరాక్ మీద యుద్ధమంటున్నరు, రేపు ఎవరుంటరో ఎవరు పోతరో. జైలుకు పోయినోనికి ఓటు లేదనే ఆ రూలు కొట్టేస్తవా, లేదా? తల గోక్కోకు, చాయ్ పక్కకు పెట్టు. కమిటీని కూసోవెట్టి అడుగు, వచ్చి నా మొకం మీదనే చెప్పు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, శుక్రవారం, అదే నీకు గడువు.