వజ్రమ్మను అడిగినోళ్లు

ఎవరూ? ఆ, రామ్మా, కూర్చో. ఎండన బడి వచ్చినావు. తిరుత్తణి నించా? సరి సరి. మా ఊరి సతీష్‌ను మీ చెల్లెలికి చూస్తా ఉండారా... టీ కడైలో అడిగితే ‘సుదర్శనం తాతనడుగు, తిన్నె మిందనే ఉంటాడు’ అనినారా? వాళ్లకేం, చెయ్యి చూపించేస్తారు. చెప్తాలే, తొందరేముంది. ముందు మజ్జిగ తాగు. ఒకప్పుడైతే ఈ పనిమింద నా దగ్గరికి ఎవరూ వచ్చుండరు. ఎదురింటి వజ్రమ్మ దగ్గరికే పొయ్యుంటారు. అదో, ఇప్పుడు సెల్‌ఫోన్ అంగడి ఉండాదే, ఆడుండేది ఆమె తిన్నె. ఆమె పొయ్యి ఇరవై ఏండ్ల పైనే అయింది.

మొదట్లో ఆమె ఉన్నదున్నట్లు చెప్పే మనిషి కాదులేమ్మా. నోరు తెరిస్తే తేనె. ఎవరొచ్చి ఏ పిలకాయను గురించి అడిగినా ‘బంగారం’ అనేది. తాగుబోతూ బంగారమే, సోంబేరీ బంగారమే. మనోళ్లకు అరవ సామెత ఒకటి దొరికింది గదా, ‘ఆయిరం పొయ్ సొల్లి ఒరు కల్యాణం పణ్ణు’ అని. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమని. ‘ఆ వెయ్యీ నేనే ఆడితి, విందు మాత్రం మీరు తింటిరి’ అని నవ్వేది. అట్లనే పాండూరు నించి కాంచన అనే పిల్ల మా వీధికి కోడలుగా వచ్చింది. మొగుడు తాగితే మనిషి కాదు. ఏడాది తిరక్కముందే ఒక పొద్దున పెట్టె ఎత్తుకొని బయల్దేరింది. బస్సుకు పొయ్యే పిల్ల, నేరుగా వజ్రమ్మ తిన్నెకాడికి వచ్చి నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. ‘అవ్వా, మా నాయన నిన్ను అడిగినప్పుడు నీకు తెలుసా, తెలీదా?’ అనింది. అంతే. వజ్రమ్మ నోట్లో వక్కాకు ఉమ్మేసింది. ‘తెలుసు’ అనింది. ఆ పిల్ల తలూపి, పెట్టె ఎత్తుకొని పొయ్యింది.

అప్పటికే వజ్రమ్మకు అరవై దాటినాయి. కొన్నాళ్లు ఎవరొచ్చి అడిగినా ‘నాకేం తెలుసు నాయనా, కండ్లు కనపడవు’ అని లోపలికి పొయ్యేది. ఏమనుకునిందో ఏమో, ‘తెలిసి నోరు మూసుకున్నా అబద్ధమేరా సుదర్శనం’ అని మళ్లీ వచ్చి కూర్చునింది. ఈసారి పద్ధతి వేరే. మంచి ముందర, చెడ్డ తర్వాత. రెండూ తను కండ్లారా చూసిందే చెప్పేది, విన్నది చెప్పేది కాదు. ‘చెయ్యొద్దనేదానికి నేనెవర్ని? చూసింది చెప్పినా, తూకం మీరేసుకోండి’ అనేది. ఊరు ఊరుకుంటాదా? మునెయ్య అయితే నడివీధిలో నిలబడి ‘ముసల్దానికి ఇంతకాలానికి హరిశ్చంద్రుడు పూనినాడు రోయ్!’ అని అరిచినాడు. అదే మునెయ్య, తన కూతురికి తిరువాలంగాడు సంబంధం వస్తే ఆమె తిన్నెకాడ చేతులు కట్టుకొని నిలబడినాడు. ‘అక్కా, ఆడిదాకా పొయ్యి చూసొస్తావా?’ అని. పొయ్యింది గూడా, రైలెక్కి! నవ్వొస్తా ఉందా? మాకూ వచ్చింది.

యాడికో పోతా ఉండాను. వజ్రమ్మ కూతురు ఉషా, ఉషా కొడుకు నరేష్. వాళ్లిల్లు వెనక వీధిలో. కంపెనీ ఉద్యోగం, చక్కటి పిలకాయ. వాడికోసరం ఎలవూరు నించి ఒకాయన వచ్చి, వజ్రమ్మ వాడికి అవ్వని తెలీక, ఆమె తిన్నె మిందనే కూర్చోని విచారించినాడు. ఆ పొద్దు ఉషా ఆడనే, తలుపు వెనకాలనే ఉండాది. వజ్రమ్మ మంచి ముందర చెప్పింది. ‘తాగడు. సంపాదన ఇంట్లోనే ఇస్తాడు.’ తర్వాత చెడ్డ. ‘కోపమొస్తే చెయ్యి లేస్తాది. వాళ్లమ్మ మింద లేస్తే నేను చూసినా. వాళ్ల తాతకూ అట్లనే లేసేది’ అనింది. ‘వాళ్ల తాతను నువ్వు ఎరుగుదువా అమ్మా?’ అన్నాడాయన. ‘నలభై ఏండ్లు ఎరుగుదును నాయనా, నా మొగుడే’ అనింది.

ఆయన లేచి దండం పెట్టి పొయినాడు. సంబంధం తప్పిపోయింది. ఉషా బయటికొచ్చి ‘కన్నతల్లివేనా నువ్వు!’ అని నెత్తి కొట్టుకునింది. ‘నీ మింద లేచిన చెయ్యినే గదే చెప్తి’ అనింది వజ్రమ్మ. నరేష్ ఇంక ఆమెతో మాట్లాడనే లేదు. ఆమె పొయినప్పుడు పాడె మోసినాడు, మాట్లాడకుండానే. తర్వాత వాడికీ పెళ్లయింది. చెయ్యి మళ్లీ లేచిందా అంటే... నేను చూడలేదు. చూడంది చెప్పకూడదు.

మజ్జిగ అట్లనే పెట్టుకోనుండావే. సతీష్ నాకేమవుతాడని అడగలేదు నువ్వు. టీ కడైలో గూడా చెప్పుండరు. మా చెల్లెలి మనవడు. మంచి ముందర చెప్తా. నాకు కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రిలో బెంచీ మింద పడుకొని నన్ను చూసుకున్నాడు. సొంత కొడుకైనా అంత చెయ్యడు. ఊఁ. పనిమంతుడు. ఇంక...

ఎండ ఈ పక్కకు వచ్చేసింది చూడు. లోపలికి రామ్మా, మిగిలింది ఆడ చెప్తా. వచ్చేటప్పుడు ఆ తలుపు దగ్గరికి వేసి రా.