చెల్లెలొచ్చే బస్సు

గంగులప్పని టైలరొకాయప్ప ఉండె, పాలకేంద్రం పక్కసందులో. ఈ ఊరోడు కాదు. యాడనో బళ్ళారి తట్టు నుంచి పెండ్లాన్ని పిల్చుకోని, కుట్టుమిషను ఎద్దులబండికేసుకోని వచ్చినాడంట. పిల్లోల్లు కాలేదు. పెండ్లాం పోయి చానా ఏండ్లాయ. అంగట్లో రెడీమేడ్ గుడ్డలొచ్చినాంక కుట్టించుకునేటోళ్ళూ నిలిచిపోయిరి. అయినా ఆయప్ప పొద్దున్నే మిషను ముందర కుర్చుంటాడనుకో, దాని మీద చెయ్యి పెట్టుకోని దోవ చూస్తాంటాడు. మాట్లాడల్లంటే మనిషుండల్ల కదా. ఒగనికి వండుకునేదేమిలే అని ఒగ పూట తినేది, ఇంగో పూట నీళ్ళు తాగి పండుకునేది. అట్ల తిని తినక కట్టెపుల్ల అయిపాయ మనిషి.

ఇంగ ఏమైందంటే, కడుపులో ఒగ గడ్డ లేసింది. టౌను ఆసుపత్రికి పోతే డాక్టరమ్మ అన్నీ చూసి, తాతా, ఇది కోసి తీయల్ల, అయితే ఇప్పుడు కోస్తే నువ్వు తట్టుకోలేవు, బల్ల మీదనే పోతావు, నెల దినాలు టైమిస్తా, ఒళ్ళు గట్టి చేసుకోని రా అనిందంట. ఎట్లమ్మా అంటే, గుడ్డు తిను, పప్పు తిను, రెండు పూటలా కడుపునిండా తిను, చేతులు ఊనకుండా మంచం మీద నుంచి లేసి కుర్చో, సాయంత్రమైతే బాగా నడువు అని, ఒగ ప్లాస్టిక్ డబ్బా కూడా ఇచ్చినారు. దాంట్లో మూడు గుండ్లుంటాయి. గొట్టం నోట్లో పెట్టుకోని ఊపిరి లాగితే గుండ్లు పైకి లేస్తాయి. ఆ డబ్బాతోనే మాట్లాడుతాండెనంట ఆయప్ప. లెయ్యే, లెయ్యి, నిన్న లేసినావు కదా ఈ పొద్దేమాయ అని. నవ్వుతాండారా? నవ్వండి, నవ్వండి. మీకింట్లో మనుషులుండారు.

తినేది తిన్యాడు, లేసేది లేసినాడు, నడిచేదాని కాడ వచ్చింది తంటా. మన ఊర్లో ఉత్తగా నడిస్తే ఊరుకుంటారా? చేతిలో చెంబు లేదు, భుజాన పార లేదు, ఏమప్పా యాడికి అంటారు. మొదటి పొద్దే రచ్చబండ కాడ నలుగురూ అడిగిరి. గడ్డ సంగతి చెప్తే అయ్యో పాపం అంటారని ఆయప్పకి నామోషీ. నోటికొచ్చింది అనేసినాడు, బస్సుకు పోతాండా, చెల్లెలొస్తాంది అని. చెల్లెలా, నీకు చెల్లెలుందా అంటే, ఉంది, బళ్ళారిలో, అన్యాడు. రోడ్డు దాకా పోయినాడు, బస్సొచ్చె, పాయ. ఈయప్ప తిరిగొచ్చె. రాలేదా అంటే, రేపొస్తాదంటలే. రేపూ అంతే, ఎల్లుండీ అంతే. ఊరంతా ఆ చెల్లెలి కోసం చూసేటట్లాయ! ఆయమ్మకి తీరిక లేదేమో అని ఒగరు, మొగుడు పంపియ్యడేమో అని ఒగరు. ఇంగ ఇంతకంటే ఇచిత్రం చెప్తా వినండి. రాను రాను ఆయప్ప కూడా బస్సు ఆగితే మెడ ఎత్తి దిగేటోళ్ళ మొగాలు చూసేదంట. చెప్పిన అబద్ధం చెప్పినోడే నమ్మితే ఎట్లరా నాయనా! లేని చెల్లెలు దిగలేదని ఆ రాత్రి అన్నం కూడా సయించేది కాదంట. అయినా గుడ్డు మాత్రం మింగేది, డాక్టరమ్మ చెప్పింది కదా అని.

కాళ్ళకి బలమొచ్చింది, మొగానికి కళ వచ్చింది. ఆసుపత్రికి పోయే దినమొచ్చింది. అప్పటికి గడ్డ సంగతి ఎట్లనో ఊరికి తెలిసిపోయిందిలే. అయితే ఎవురూ కదల్లేదు. ఎందుకు కదుల్తారు? చెల్లెలు నేరుగా ఆసుపత్రి కాడికే వస్తాదని ఈయప్పే చెప్పినాడాయ. పైగా శెనక్కాయ పీకే కాలం. ఒగడే సంచి పట్టుకోని బస్సెక్కినాడు.

ఆడ నర్సమ్మ, తాతా నీ తోడెవురు, ఎవురొచ్చినారు అనింది. వస్తారమ్మా అన్యాడు. బెంచీ మీద కుర్చున్యాడు. పక్కన పడకల కాడ కొడుకులు, కోడండ్లు, మనమరాండ్లు, ఒగరు కాఫీ తెస్తారు, ఒగరు కాళ్ళు పిసుకుతారు. ఈయప్ప వాకిలి పక్క చూస్తాండాడు. మధ్యాన్నం దాటిపాయ. డాక్టరమ్మ వచ్చి, చెవుల గొట్టం రొమ్ముకి పెట్టి చూసి, భలే తయారైనావు తాతా, ఇంత బాగా ఎవురూ చేయలేదు, అయితే కోసినాంక నిన్ను లేపి కూర్చోబెట్టేదానికి, నీళ్ళు తాపేదానికి మనిషి ఉండల్ల కదా, మనిషి లేకుండా నేనెట్ల చేసేది, వచ్చే వారం మనిషిని పిల్చుకోని రా, అంతకంటే ఆలస్యం చేస్తే గడ్డ ఆగదు అనింది. సరేమ్మా అని వాపసు బస్సెక్కినాడు.

రోడ్డు కాడ దిగితే టీ అంగడి ముందర జనముండారు. ఏం గంగులప్పన్నా, వచ్చేసినావే, చెల్లెలేది అని అందరూ ఒక్కసారే. ఆయప్ప సంచి కింద పెట్టి, నాకు చెల్లెలు లేదప్పా అన్యాడు. పుట్టనే లేదు. నాకెవురూ లేరు. ఎవురన్నా ఒకరు నాతో రాండి. అంతే అన్యాడు. ఒగడు బీడీ చూసుకుంటాండాడు, ఒగడు శెనక్కాయ చేను తట్టు చూస్తాండాడు. రమ్మని ఊరికంతా చెప్తే ఎవురికి చెప్పినట్లు? అప్పుడు ఆయప్ప టీ అంగడి సుంకన్న మొగం చూసి, సుంకన్నా, నువ్వొస్తావా అని పేరు పెట్టి అడిగినాడు. ఈ మాట సుంకన్నే నాకు చెప్పినాడు. వస్తాలేన్నా, అంగడి మూస్తే ఏం కొంపలు మునగవు, కుర్చో, ముందు టీ తాగు అన్యాడంట.

పోయిరి, కోసిరి, తీసిరి. బతికినాడు. సుంకన్న వారం దినాలు ఆడనే ఉండి వచ్చె. వచ్చినాంక ఊరంతా అతుకులెయ్యాల్సిన చీరలు, పాతగుడ్డలు తెచ్చి మిషను కాడ వేసిందని చెప్తే మీకు బాగుంటాది గానీ, అట్లేం కాలేదు, ఎవురి పని వాళ్ళది. నాకు తెలవనిది ఒకటే. అన్ని దినాలు ఆయప్ప మన ముందరే నడిచి పాయ కదా. యాడికి, యాడికి అని ఇంటింటి కాడా అడిగిరి. నేనూ అడిగినాను, మీ నాయనా అడిగినాడు. నేనూ రానా అని ఒక్కరన్నా అన్యారా? అనం. అడిగేదైతే బాగా అడుగుతాం మనం.