మూడు వేళ్ళు పట్టిన నోరు

ఇంకెంత తెరవమంటారండీ డాక్టరు తేజేశ్వర్ గారూ, దవడ ఊడొస్తుంది! మూడు వేళ్ళు నిలువుగా పట్టాయి కదా, ఇక తియ్యండి చెయ్యి. చౌడేశ్వరమ్మ నోరెంతో మా మంగళగిరిలో ఎవరినడిగినా చెప్తారు, కొలవక్కర్లేదు.

నాలుక చాపమన్నారు, చాపాను. తల వెనక్కి వంచమన్నారు, వంచాను. ఈ గొంతు మీద గడ్డ ఏడేళ్ళది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకు కూచుంటే గడ్డం ఈ గడ్డకే ఆనుతోంది. పడుకుంటే ఊపిరాడదు, గోడకి జేరబడే నిద్ర. అలిసిపోయానండీ. రేపు కోసి తీసేస్తే అంతే చాలు.

ఏంటా నవ్వు? ఏదో రాశారే? దాచకండి. పచారీ పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చినదాన్ని, ఇంగ్లీషైనా కూడబలుక్కుంటాను, తలకిందులుగా ఉన్నా సరే. ‘ఈజీ’ అని రాశారు. మత్తిచ్చాక నా గొంతులోకి ఊపిరి గొట్టం సులువుగా దిగుతుందని, అంతేనా?

అయ్యో... ఆగండి, వెళ్ళకండి. ఆ స్టూలు మీద కూర్చోండి.

ఇందాక ‘ఎప్పుడైనా మత్తు ఇచ్చారా అమ్మా’ అంటే లేదన్నాను కదా. అబద్ధం. పోయినేడు ఇంకో ఆసుపత్రిలో ఇచ్చారు. గొట్టం మూడుసార్లు తోశారట. దిగలా. మెలకువొచ్చేసరికి గడ్డ గడ్డలాగే ఉంది, ముందుపన్ను పోయింది. ఇప్పుడు మీరు కదిపి చూసి గట్టిగానే ఉందన్నారే, అది కట్టించుకున్న పన్ను!

మగ్గం అచ్చు పళ్ళ సందులో పోగు దూరకపోతే తోస్తామా? దీపం దగ్గరికి తెచ్చి చూస్తాం. వాళ్ళకా ఓపిక లేకపోయింది. కాగితం మటుకు రాసిచ్చారు, మళ్ళీ మత్తిచ్చే డాక్టరుకి చూపించమని. చూపిస్తే ఏమైంది? రెండోచోట ‘మా వల్ల కాదు, హైదరాబాదు పో’ అన్నారు. మూడోచోట చూపించకూడదనుకున్నా.

మరిప్పుడెందుకు చెబుతున్నానంటారా? మీరు నవ్వారు కాబట్టి. నా మాట నమ్మి రేపు ధీమాగా మొదలెడతారు, నేను పోతాను, మీరేమో బతికినన్నాళ్ళూ తప్పు మీ చేతిదే అనుకుంటారు. నన్ను తిట్టుకునేవాళ్ళు ఊళ్ళో చాలినంతమంది ఉన్నారు, చచ్చాక నిజం తెలిసి తిట్టుకునే ఇంకొకరెందుకు?

ఇదిగో, రవికలోనే ఉంది ఆ కాగితం. చించేద్దామని ఎన్నిసార్లు తీశానో! అక్షరాలున్న కాగితం చించలేను, అదో జబ్బు నాకు.

అలా చూస్తారేం? చదవండి. ముందు ఆ ‘ఈజీ’ కొట్టేయండి.

పొమ్మంటారా, పొమ్మనండి. మంగళగిరి బస్సు నాకేం కొత్త కాదు.