గజేందర్ కారవాన్ గాలికి పోయిన ముచ్చట

"ఖతర్ల సముద్రాన్ని తన గడప కాడికి పిలిపించుకున్న మొగోడు ఎవడన్న ఉన్నడంటే వాడు నేనే. అంటే... పిలువలే. అదే వచ్చింది. నేను వద్దనలే, గంతే."

ఈ మాట అని గజేందర్ కరక్ చాయ్ కప్పు బల్ల మీద పెట్టి, అందరూ తనవైపే చూస్తున్నారా లేదా అని ఒకసారి కలయజూశాడు. చూస్తున్నారు. ఉన్నది ముగ్గురే గానీ, గజేందర్‌కు ముగ్గురుంటే మహాసభే. ఫరీజ్ బిన్ మహమూద్ సందులో ఆ కెఫెటేరియా ముందు వేసే ప్లాస్టిక్ కుర్చీల్లో, శుక్రవారం సాయంత్రం ఆయన కూర్చున్నదే సింహాసనం. దానికి ఒక కాలు కాస్త పొట్టి కాబట్టి సింహాసనం అప్పుడప్పుడూ ఊగుతుంది. కథలూ అంతే.

జగిత్యాల దిక్కు మనిషి. ఒక ఖతరీ కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని ఇంట్లో డ్రైవరు. బండి ఎంత ఒద్దికగా నడుపుతాడో నోరు అంత జోరుగా నడుపుతాడు. రోడ్డు మీద ఉన్నట్టు నోటి మీద స్పీడు కెమెరాలు ఉండవు గదా.

ఈ రోజు ఆ నోటిని స్టార్ట్ చేసినవాడు మాత్రం రాజేశం. సైటులో మేస్త్రీ, గజేందర్‌కు పక్క మండలం. వచ్చే గురువారం రాజేశం భార్యా, నాలుగేళ్ళ కూతురూ విజిట్ మీద వస్తున్నారు. ఆ పిల్లకు తండ్రి తెలిసింది ఎక్కువగా ఫోన్లోనే. మొన్న వీడియో కాల్లో తల్లిని పిలిచి, "అమ్మా, దుబాయ్ మామ వచ్చిండు" అన్నదట. ఖతర్‌ను దుబాయ్ అన్నందుకు రాజేశానికి బాధ లేదు, ఊళ్ళో అందరూ అనేదే. ఆ "మామ" దగ్గరే ముల్లు దిగింది.

అందుకే అడిగాడు. "అన్నా, పోయిన నెల నువ్వు పిల్లలను కారవాన్ల ఉంచినవంట గదా. నాకు గూడ రెండు రోజులు సెలవిచ్చిన్రు. మీ కఫీల్ గూడ సరే అన్నడంటివి, మా చిన్నదాన్ని అండ్లకే తీస్కపోదమనుకుంటున్న. పిల్లలకు మంచిగ అనిపిస్తదా? జర నిజం చెప్పు."

అడగక అడగక గజేందర్‌ను నిజం అడిగాడు. సముద్రం గడప దాకా వచ్చింది అందుకే.

"విను రాజేశం. మా కఫీల్ వాళ్ళ కారవాన్ అది. అంటే చక్రాల మీద ఇల్లు. మంచాలు, పొయ్యి, ఏసీ, నల్లా, అన్ని అండ్లనే. చలికాలం సీలైన్ సముద్రం ఒడ్డుకు వాళ్ళు క్యాంపింగ్ పోయేది గండ్లనే. 'గజేందర్, నీ పిల్లలొచ్చిన్రు, తీస్కపో' అన్నడు. కిరాయి లేదు, మాఫీ ఫులూస్! హోటల్‌కు పోతే నా జీతం పోయి, మా బామ్మర్ది జీతం గూడ పోవాలె. సరే, పోయినం. నేను, మాలతి, మా ఆరేండ్ల సహస్ర, మూడేండ్ల బంటిగాడు. బంటిగాడైతే నా ఒళ్ళెకెళ్ళి దిగితే ఒట్టు."

"వచ్చిన కొత్తల్నే నీ కాడికి వచ్చిండా?" రాజేశం కుర్చీ ముందుకు జరిపాడు.

"ఆ... వచ్చిండు, వస్తడు గదా, ముచ్చట విను ముందు..."

"ఉండు ఉండు." ఇది ఓబులేసు. కడప జిల్లావాడు, ఆయనా ఇంటి డ్రైవరే, అందుకే గజేందర్ మాటలకు బ్రేకు వేసే అలవాటు ఆయనకే ఎక్కువ. "క్యాంపింగు చలికాలంలో గదప్పా? నువ్వు పోయింది మే నెల. ఆ ఎండకు ఒంటెలు గూడా నీడ ఎతుక్కుంటాయి."

"సీజన్లు మామూలోళ్ళకు ఓబులేసూ! మే నెలల సముద్రం కాడ మనిషి ఉండడు, దానికి పొద్దుపోదు. మేము గుడ్డి దీపం లెక్క ఒక్క కారవాన్ పెట్టుకోని కూసునేసరికి, అది మెల్లగ, సుట్టం లెక్క, మెట్టు కాడికి వచ్చింది. సహస్ర మెట్టు మీద కూసోని కాళ్ళు కడుక్కున్నది. లోపట మాలతి చింతపండు పులుసు మసలవెట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాసనకు ఒక హమూర్ చేప నీళ్ళళ్ళకెళ్ళి ఎగిరి, కిటికీల నుంచి దుంకి, సక్కగ గిన్నెల పడ్డది. ఉప్పు గూడ చూసుకొనే పడ్డది."

"పొలుసు తీసుకోని వచ్చిందా, తీయించుకోనీకి వచ్చిందా?" అన్నాడు ఓబులేసు.

"సగం తీస్కొని వచ్చింది. మిగిలిన సగం మాలతి తీసింది. మరీ అబద్ధం చెప్పుతనా?"

నాలుగో కుర్చీలో రసూల్ ఉన్నాడు. ఉమ్ సలాల్ దారిలో పంచర్ షాపు. ఓబులేసు జిల్లావాడే గానీ నోరు విప్పడం తక్కువ. పరాటా చుట్ట సగం తిని, మిగతా సగం పట్టుకొని వింటున్నాడు. "హమూర్" అన్నప్పుడు మాత్రం ఒకసారి దగ్గాడు.

"తిని చెయ్యి కడుక్కుంటున్న, ఉత్తరం దిక్కు నుంచి లేసింది గాలి. షమాల్ గాలి! ఇసుక, దుమ్ము, ఆకాశం మొత్తం కారంపొడి రంగు. కారవాన్ ఒకసారి అటు ఊగె, ఒకసారి ఇటు ఊగె, ఇగ కదిలింది. నడుస్తున్నది! ముందు బండి లేదు, ఇంజన్ లేదు, స్టీరింగ్ లేదు. ఇంకొకడైతే ఏడ్సేటోడు. నేనేం చేసినో తెలుసా? దుప్పటి తీసి రెండు కిటికీలకు కట్టిన, తెరచాప! ఇగ మలుపు ఎట్ల తిప్పాలె?"

"ఎట్ల తిప్పినవన్నా?"

"బిస్కెట్లు! ఎడమకు పోవాలంటే ఎడమ కిటికీ కాడ బిస్కెట్ పెట్టుడు. పిల్లలిద్దరు అటు ఉరుకుతరు, బరువు అటు పడుతది, బండి ఎడమకు తిరుగుతది. కుడికంటే కుడి కిటికీ. బ్రేక్ కావాలంటే మధ్యల క్రీమ్ బిస్కెట్. పిల్లలు కూలవడుతరు, బండి ఆగుతది. పదకొండేండ్ల సంది బండి తోలుతున్న గని, గంత సాఫ్ స్టీరింగ్ ల్యాండ్‌క్రూజర్‌కు గూడ లేదు."

"రౌండబౌటు వచ్చింటే?" అన్నాడు ఓబులేసు.

"వచ్చింది. ఆగిన. ముందుగాల లోపట తిరిగే బండ్లకు తొవ్వ ఇచ్చిన. గాలికి పోతున్నమని రూల్ తప్పుతమా? సల్వా రోడ్డెక్కినం. కెమెరా ఫట్ మని ఫ్లాష్ కొట్టింది. పిల్లలు ఫోటో తీస్తున్నరనుకొని నవ్విన్రు. మస్తుగ పడ్డది ఫోటో."

"ఫైను ఎవురి పేరు మీద వచ్చెనప్పా?"

"గాలి పేరు మీద! కడుతదా అది?" గజేందర్ కుర్చీ ఊగింది. ఇప్పుడాయన ఆగే స్థితి దాటిపోయాడు. "గాలి జర పడమరకు మళ్ళింది, షహానియాల పడ్డం. ఆడ ఒంటెల పందెం. మీద మనుషులుండరు, చిన్న మిషన్లు కూసోని కొరడా కొడుతయి సూడు, గా పందెం. మా కారవాన్ నడుమల జొరవడ్డది. ఒంటెలు అటు పది, ఇటు పది, నడుమ మేము, కిటికీల బంటిగాడు ఒంటెలకు బిస్కెట్ చూపిస్తున్నడు. ఇగ ఒంటెలు మా ఎంబడి! ఎవరు ఫస్ట్ వచ్చిన్రు? మేమే. పెద్ద మనుషులు వచ్చి బంగారు పిడి కత్తి ఇచ్చిన్రు. పిల్లలున్న ఇంట్ల కత్తి ఎందుకని వాపస్ ఇచ్చిన."

"అంత పెద్ద బుద్ధి నీకే ఉండాది," అన్నాడు ఓబులేసు చేతులు జోడించి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అబూ సమ్రా! సౌదీ బార్డర్! ఆపుదమంటే క్రీమ్ బిస్కెట్లు ఒడిసినయి. ఎమిగ్రేషన్ సారు ఉరికొచ్చిండు. నేను ఈ కిటికీల నుంచి పాస్‌పోర్టులు అందిచ్చిన, ఆయన ఉరుక్కుంటనే స్టాంపులు గుద్ది ఆ కిటికీల నుంచి లోపటేసిండు. సలాం గూడ చెప్పిండు, మంచి మనిషి. సౌదీల అర్ధ కిలోమీటర్ పోయినమో లేదో, గాలి ఉల్టా తిరిగింది. పోయిన తొవ్వన్నే వాపస్. యల్లా యల్లా అనుకుంట సీలైన్ల అదే జాగకు, అదే మెట్టు సముద్రానికి తగిలేటట్టు వచ్చి ఆగినం. మాలతి గిన్నె మూత తీసింది. పులుసు ఇంకా పొగలు కక్కుతున్నది! గా పొద్దంత బంటిగాడు నా మెడ ఇడిస్తే ఒట్టు."

ఓబులేసు చప్పట్లు కొట్టాడు. కెఫెటేరియాలో చాయ్ పోసే మలయాళీకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆయనా కొట్టాడు. రాజేశం మాత్రం కొట్టలేదు. ఎక్కడ నవ్వాలో, ఏది నమ్మాలో తెలీక గజేందర్ ముఖమే చూస్తున్నాడు.

రసూల్ పరాటా చివరి ముక్క మింగి, కాగితం మడిచి, చెయ్యి తుడుచుకున్నాడు.

"గజేందరన్నా, ఒక మాట. ఆ కారవాను ఎర్ర పట్టీ ఉండే తెల్లదేనా? తలుపు మీద డేగ బొమ్మ?"

"అదే! నువ్వు గూడ చూసినవా? అగో, సాక్ష్యం దొరికె!"

"చూడ్డమేందన్నా. దాని చక్రాలు మా షాపులో ఉండాయి."

సింహాసనం ఊగడం ఆగింది.

"క్యాంపింగు అయిపోతానే, ఎండకు టైర్లు పగుల్తాయని ఊడదీసి నీడలో పెడతారు గదా. ఏప్రిల్లో మీ కఫీలే ఫోన్ చేసినాడు. ఉమ్ సలాల్‌లో ఆయప్ప తోట ఉండాదే, ఆడికి వచ్చి నేనే ఊడదీసినా. మేకల కొట్టం పక్కన సిమెంటు ఇటుకలు పేర్చి, వాటి మీద కూచోబెట్టిపోతి. నవంబరు దాకా ఆడనే ఉంటాది." రసూల్ పాపం ఎగతాళికి అనలేదు, ఉన్నది అన్నాడు. "సముద్రం సంగతి నాకు తెలీదు గానీ, మేకలు నీళ్ళు తాగే తొట్టి మాత్రం మెట్టు పక్కనే ఉండె."

ఓబులేసు నవ్వుకు చాయ్ ముక్కులోకి పోయింది. "అయితే సౌదీకి ఇటుకల మీదనే పోయొచ్చినావా!"

"చక్రాలున్నయని నేను చెప్పిన్నా? ఒక్కసారన్న చెప్పిన్నా?"

"చెప్పినావు. మొట్టమొదట చెప్పింది అదే. చక్రాల మీద ఇల్లని."

"...మరి హమూర్ చేప?" అన్నాడు రసూల్, ఆ ఒక్కటీ తేలక.

"ట్యూనా డబ్బ," అన్నాడు గజేందర్ చిన్నగా. "కిటికీల పెట్టి ఉండె. చెయ్యి తగిలి పులుసుల పడ్డది. మూత తీసే ఉండె, గందుకే సగం పొలుసు తీస్కొని వచ్చిందన్న."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల మధ్యలోంచి రాజేశం గొంతు వచ్చింది. అది నవ్వడం లేదు.

"అన్నా, సముద్రం లేకుంటే లేకపాయె. ఒంటెలు లేకుంటే లేకపాయె. నాకు ఒక్కటే చెప్పు. బంటిగాడు నీ మెడ ఇడువలే అన్నవు సూడు. అది గూడ కోతేనా?"

గజేందర్ చాయ్ కప్పులోకి చూశాడు. కప్పు ఎప్పుడో ఖాళీ అయింది. అయినా ఒక గుక్క తాగాడు.

"అది కోత కాదురా," అన్నాడు.

"వచ్చిన కొత్తల్నే వచ్చిండా?"

"యాడ! ఎయిర్‌పోర్టుల ఎత్తుకోబోతే మాలతి కొంగెనక దాసుకున్నడు. నేను ఎదురుంగ కూసోని ఉంట, వాడు వాళ్ళమ్మ ఫోన్ పట్టుకోని 'బాపుకు ఫోన్ చెయ్' అని ఏడుస్తడు. వాడి బాపు ఫోన్ల ఉంటడు గదా! ఏం చెయ్యాలె? కారవాన్ ఎనకకు పోయి, మేకల కొట్టం కాడ నిలవడి వీడియో కాల్ చేసేటోన్ని. 'బాపూ' అని ముద్దులు పెడుతడు. లోపటికొస్తే మల్ల కొంగెనకకే. నాలుగడుగుల దూరానికి ఇంటర్నేషనల్ కాల్."

ఓబులేసు కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు. ఆయనకూ ఇద్దరు పిల్లలు, ఊళ్ళో.

"మరి ఏం చేసినవన్నా? ఏం చేస్తే వచ్చిండు?" రాజేశం వదిలేట్టు లేడు. గురువారం ఇంకెంతో దూరం లేదు.

గజేందర్ అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. ఎప్పుడూ గొంతు తగ్గించని మనిషి తగ్గించేసరికి ముగ్గురూ ముందుకు వంగారు, అటువైపు చాయ్ పోసే మలయాళీ కూడా వంగాడు.

"గాలి ఒక్కటి మాత్రం నిజం. వచ్చింది. మజ్రా అంత, అంటే తోటంత, దుమ్ము. కారవాన్ ఇటుకల మీద గడగడ ఊగింది. నేను బండి తోలేటోన్ని రాజేశం. చేతుల స్టీరింగ్ ఉంటే తుపానుకు గూడ జంకను. అండ్ల ఏమున్నది పట్టుకోను? ఒక ఇటుక జారినట్టు సప్పుడైంది. నాకు పానం పోయింది. మాలతి పొయ్యి ఆర్పుతున్నది, పిల్లలు కిటికీ కాడ ఉన్నరు, నేను... నేను మంచం కిందికి దూరిన."

ఎవరూ నవ్వలేదు. ఇంకా.

"కండ్లు మూసుకొని దండం పెడుతున్న. పక్కకు ఎవరో వచ్చినట్టైంది. బంటిగాడు! పాక్కుంట వచ్చి, తింటున్న బిస్కెట్ల సగం నా నోట్ల పెట్టి, నెత్తి మీద తట్టి, 'భయపడకు బాపూ, నేను తోలుతున్న' అన్నడు. మూతికి బిస్కెట్ అంటుకున్నది, చేతులతోని స్టీరింగ్ తిప్పుతున్నడు. సహస్ర గూడ వచ్చింది. 'బాపూ, ఎడమకు పోతున్నం, బాపూ, అగో ఒంటెలు, బాపూ, సౌదీ వచ్చింది' అని అదే చెప్పింది, నేను భయపడొద్దని. నేనెప్పుడో ఒకసారి ఫోన్ల చెప్పిన ముచ్చట్లే అవి, నాకే వాపస్ చెప్పింది. గిప్పుడు మీకు చెప్పింది మొత్తం ఆ పొద్దు వాళ్ళ నోట విన్నదే. బంగారు కత్తి ఒక్కటే నేను కలిపిన."

రసూల్ మెల్లగా అడిగాడు, "చక్రాలు తెచ్చి బిగించమంటావా రాజేశం? సౌదీ దాకా పోయి తిరిగొచ్చేటట్టు?"

"వద్దు. ఇటుకల మీదనే ఉండనీ," అన్నాడు రాజేశం. చెయ్యి చాచాడు. గజేందర్ జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. రాజేశం దాన్ని పిడికిట్లో బిగించి, లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"అన్నా. మరి గాలి రాకపోతే?"

ఇదీ అసలు ప్రశ్న. దీనికి గజేందర్ కోత కోయలేదు.

"రాకపోయినా దూరు. ఊకెనే దూరు. మొదలు పెద్దోడు భయపడితే పిల్లలు దగ్గరికొస్తరు. అయినా నువ్వు సన్నగున్నవు, నీకేం రంది? దూరినోనివి దూరినట్టే బయటికొస్తవు. నన్నైతే, గాలి ఆగినంక మాలతి ఒక కాలు, సహస్ర ఒక కాలు పట్టుకోని గుంజితె గూడ రాలే. పరుపు లేపి, పలకలు ఇప్పి తీసిన్రు."

ఇక అప్పుడు నవ్వారు. మలయాళీ కూడా.

"ఆ పలకలు ఇప్పినోడు," అన్నాడు గజేందర్ నేల చూపులు చూస్తూ, "మేకల కాపరి. మా కఫీల్‌కు వీడియో గూడ తీసి పంపిండు."